అన్న అప్పీలు

అమ్మ చనిపోయిన ఏడాదికి, మా అన్నకు పెన్షన్ ఇవ్వడం కుదరదని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

నాన్న ఒక ప్రభుత్వ శాఖలో రికార్డు అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాడు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ అమ్మకు వచ్చేది. తార్నాకలో ఒక గల్లీ చివర, రెండు గదుల అద్దె ఇంట్లో అమ్మా అన్నా ఆ పెన్షన్ మీదే బతికారు. తల్లీదండ్రీ ఇద్దరూ పోయాక, జబ్బు వల్ల సొంతంగా సంపాదించుకోలేని బిడ్డ ఉంటే అదే పెన్షన్ ఆ బిడ్డకు ఇవ్వాలని రూలు ఉంది. అన్నకు జబ్బు మొదలైనప్పుడు ఇరవై మూడేళ్లు. ఇప్పుడు యాభై దాటాడు. ఆ రూలు మా అన్నలాంటి వాళ్ల కోసమే రాసి ఉంటారని అనుకున్నాను.

కాగితంలో మాత్రం అన్న జీవనోపాధి సంపాదించుకోగల స్థితిలో ఉన్నట్టు మెడికల్ బోర్డు తేల్చిందని, అందువల్ల దరఖాస్తు తిరస్కరించామని ఉంది. సంతకం, స్టాంపు. అంతే.

ఎలా తేలిందో నాకు తెలుసు. బోర్డు ముందుకు అన్నను తీసుకుపోయింది నేనే. ఆ రోజు పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నాడు. నాన్న పాత తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని తొడుక్కున్నాడు. నన్ను బయటే ఉండమన్నారు. లోపలికి పోయినవాడు కొద్దిసేపటికే తిరిగొచ్చాడు, ముఖం వెలిగిపోతూ. ఆటోలో చెప్పాడు.

"డాక్టర్ సారు మంచోడే. పని చేస్తవా అని అడిగిండు. చేస్త సార్, ఎప్పుడు రమ్మంటరు అని చెప్పిన."

తనకు ఉద్యోగం ఇవ్వబోతున్నారనుకున్నాడు. ఆ తరువాత చాలా రోజులు, పోస్టు వచ్చిందా అని ఇంటి ఓనర్ని అడిగేవాడు. చివరికి వచ్చిన కాగితం నేనే చదివి, ఏదో ఆఫీసు సంగతి అని చెప్పి బ్యాగులో పెట్టుకున్నాను.

అన్న చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా చదువుకున్నవాడు. మెదక్ పక్క ఊరి నుంచి మేము మొదట వారాసిగూడకు, తరువాత తార్నాకకు వచ్చాం. డిగ్రీ అయ్యాక యూనివర్సిటీలో ఎం.కాం. సీటు వచ్చింది. ఇల్లు అంత దగ్గరున్నా హాస్టల్లో ఉంటానని పట్టుబట్టాడు. మా వాళ్లలో క్యాంపస్ హాస్టల్లో ఉండి చదివిన మొదటి మనిషి అతనే. నాన్న ఆదివారాలు చర్చి అయిపోగానే, ఏ పనీ లేకున్నా, కొడుకు గదిదాకా నడిచి వెళ్లి చూసి వచ్చేవాడు.

రెండో ఏడాది ఒకరోజు ఆ గది నుంచే కబురొచ్చింది. కిటికీలకు లోపలి నుంచి పేపర్లు అంటించుకుని, తిండి మానేసి కూర్చున్నాడట. గోడ అవతల నుంచి ఎవరో తన గురించే మాట్లాడుతున్నారని చెప్పాడట. నాన్న ఇంటికి తెచ్చాడు. చదువు అక్కడితో ఆగింది. క్యాంపస్ మాత్రం వదల్లేదు. ఇన్నేళ్లుగా, ఒంట్లో బాగున్న రోజుల్లో, తెల్లవారగానే వాకింగ్ వాళ్లతోపాటు గేటు దాటి లోపలికి పోతాడు. చెట్ల కింద కూర్చుని పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల మధ్య నుంచి నడుస్తాడు. నెమళ్లు అరుస్తుంటే నిలబడి వింటాడు. చూసేవాళ్లకు రిటైరైన లెక్చరర్‌లా ఉంటాడు.

అమ్మకు కావలసిందీ అదే. అన్నకు జబ్బున్న సంగతి మా చుట్టాల్లో సగం మందికి తెలియకుండా బతికింది. ఎవరైనా అడిగితే "మా పెద్దోడు మంచిగనే ఉన్నడు, సంబంధాలు చూస్తున్నం" అనేది, అతనికి నలభై వచ్చాక కూడా. డాక్టర్ దగ్గరికి కూడా మనవాళ్లెవరూ కనబడని దూరపు క్లినిక్‌కు తీసుకుపోయేది. మందుల చీటీలు పని అయిపోగానే చింపేసేది. ఆమె పోయాక బీరువా అంతా వెతికితే, ముప్పై ఏళ్ల జబ్బుకు సాక్ష్యంగా ఇటీవలి చీటీలు నాలుగైదు దొరికాయి.

నేను రామంతాపూర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మాది మల్కాజ్‌గిరి. అన్న ఇంటి అద్దె, మందులు, గ్యాసు నేను చూసుకుంటూ వచ్చాను. నా భర్త ఒక్కమాట అనలేదు. కానీ నా ఇద్దరు పిల్లలూ పెద్ద చదువులకు వస్తున్నారు, ఇది ఎన్నాళ్లో సాగదని ఇద్దరికీ తెలుసు. నాకు ఏమైనా అయితే అన్న ఎక్కడుంటాడు అన్న ప్రశ్న ఒకటి రాత్రింబవళ్లు నాతో ఉండేది.

అప్పుడే గుర్తొచ్చింది ఆమె. ఇదివరకు మా స్కూల్లోనే సోషల్ చెప్పేది. సాయంత్రాలు లా కాలేజీకి పోయి చదువుకుని, ఉద్యోగం మానేసి వకీలైంది. నాకన్నా చాలా చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. తార్నాకలో ఒక మెడికల్ షాపు పైన, ఇంకో సీనియర్ వకీలుతో కలిసి ఒక గదిలో కూర్చుంటోందని తెలిసి వెళ్లాను. మెట్లు ఎక్కుతుంటే కింద షాపు నుంచి స్పిరిట్ వాసన వచ్చేది.

ఆమె కాగితం చదివింది. దీనికి పై అధికారికి అప్పీలు ఉంటుందని, గడువు ఇంకా మిగిలి ఉందని, అక్కడ కాదంటే అప్పుడు హైకోర్టు సంగతి చూద్దామని చెప్పింది. తరువాత, అన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏం చేస్తాడో చెప్పమంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. లేస్తాడు, నడకకు పోతాడు, పేపరు చదువుతాడు, అన్నం వండుకుంటాడు, ఆదివారం చర్చికి వస్తాడు. ఆమె రాసుకోలేదు. పెన్ను పట్టుకుని వింటూ ఉంది.

"అక్కా, నువ్వు మీ అమ్మలెక్కనే చెప్తున్నవ్" అంది చివరికి. "వండుకున్నడు సరే. వండుకోని రోజు సంగతేంది?"

వండుకోని రోజులు ఉన్నాయి. గిన్నెలో ఎవరో ఏదో కలిపారని అన్నం పారబోసిన రోజులు. వారం పాటు స్నానం చేయని రోజులు. కొళాయి చప్పుడు భరించలేక తువ్వాలతో చెవులు కట్టుకుని కూర్చున్న రోజులు. అవన్నీ మాకు తెలుసు. నోటితో పలకడం మాత్రం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఆ సాయంత్రం మొదటిసారి, ఒక బయటి మనిషి ముందు, మా అన్న ఏమేం చేయలేడో ఒక్కొక్కటే చెప్పాను. పరాయివాళ్ల ముందు అతని చొక్కా విప్పుతున్నట్టు అనిపించింది.

అంతా విన్నాక ఆమె, వకాలత్నామా మీద సంతకం పెట్టవలసింది నేను కాదనీ అన్న అనీ చెప్పింది. అతనికి తెలియకుండా ఇది చేయనంది. నేను భయపడ్డాను. అన్నకు ఆ తిరస్కరణ సంగతే తెలియదు. తాను పనికిరాడని నిరూపించడానికి వకీలును పెట్టారని తెలిస్తే ఏమైపోతాడో అనుకున్నాను. ఆమె వినలేదు. కేసు ఆయనది, నీది కాదక్కా అంది.

మరుసటి ఆదివారం ఇంటికి వచ్చింది. అన్న కుర్చీ తుడిచి వేశాడు. ఆమె కాగితం అతని చేతికిచ్చి చదవమంది. చదివాడు. ఇంగ్లీషు బాగానే వచ్చు కదా, అర్థమైంది. ఉద్యోగం మాట ఇక అడగలేదు. తరువాత ఆమెను అడిగాడు.

"నేను పిచ్చోన్నని రుజువు చేస్తవా?"

"నీకు బీమారి ఉన్నదని చెప్తనన్నా. ఉన్నది గదా" అంది ఆమె. "అబద్ధం ఒక్కటి చెప్ప. నువ్వు చెప్పొద్దన్నది గూడ చెప్ప."

అన్న నా వైపు చూశాడు. నేను లేచి వంటగదిలోకి పోబోతే ఉండమన్నాడు.

"అమ్మను ఒకసారి నూకేసిన. గోడకు తల తల్గింది. అది రాయొద్దు."

అమ్మ నుదుటి మీద కుట్ల మచ్చ ఉండేది. స్నానాల గదిలో జారిపడ్డానని చెప్పింది. ఆ మచ్చను నేను ఎన్నిసార్లు చూశానో, ఆమెను చివరిసారి కడిగినప్పుడు కూడా నా చేత్తో తడిమాను. అన్న తల దించుకుని ఉన్నాడు. వకీలు "రాయనన్నా" అంది. అతను పెన్ను తీసుకుని తన పూర్తి పేరు, ఇనిషియల్‌తో సహా, చక్కని దస్తూరిలో సంతకం చేశాడు.

మెట్లు దిగుతూ ఆమెను ఆపాను. అది రాస్తే అప్పీలుకు బలం వస్తుందా అని అడిగాను. తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

"వస్తది. మస్తు వస్తది. కని వద్దన్నడు గదక్కా."

స్కూటీ తీసుకుని వెళ్లిపోయింది. నాకు కొంత కోపం కూడా వచ్చింది. మాట నిలబెట్టుకోవడం మంచిదే, కానీ ఓడిపోతే అతని అద్దె ఎవరు కడతారు అనిపించింది.

తరువాతి నెలల్లో ఆమె వేరే దారులు వెతికింది. దూరపు క్లినిక్ డాక్టరు ముసలివాడై ప్రాక్టీసు మానేశాడు. ఇల్లు కనుక్కుని వెళ్లి, ఎన్నేళ్లుగా ఏ జబ్బుకు వైద్యం చేశాడో రాసివ్వమని అడిగింది. ఆయన అమ్మను గుర్తుపెట్టుకున్నాడు, రాసిచ్చాడు. అన్నను ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చూపించి పరీక్షలు చేయించాం. అన్న పనిచేసి వదిలేసిన చోట్లు ఏవో నన్ను అడిగింది. బట్టల షాపు, నీళ్ల క్యాన్ల ప్లాంటు, ఒక చిట్‌ఫండ్ ఆఫీసు, క్యాంపస్ గేటు ఎదుట జిరాక్స్ షాపు. ఏదీ రెండు మూడు నెలలు దాటలేదు. ఎందుకు వదిలేశాడో నాకు తెలియదు. అన్న చెప్పలేదు, అమ్మ అడగనివ్వలేదు. జిరాక్స్ షాపు ఆయన ఒక్కడే ఇంకా అక్కడ ఉన్నాడు. ఆయనతో మాట్లాడి, ఆయన చెప్పింది రాయించి సంతకం తీసుకుంది. అప్పీలుతో పాటు అవన్నీ జతచేసింది.

వాయిదా పడుతూ పడుతూ, చలికాలంలో విచారణకు పిలిచారు. పాత ఆఫీసు భవనం, రెండో అంతస్తు. పై అధికారి రిటైర్మెంటుకు దగ్గరున్న మనిషి, నిదానంగా మాట్లాడేవాడు. ఫైలు తిరగేసి అన్నను చూశాడు. ఆ రోజు కూడా అన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వద్దని నేను చెప్పలేకపోయాను. వకీలు కూడా చెప్పలేదు.

"మంచిగనే ఉన్నడు గదమ్మా" అన్నాడాయన.

మందులు వేసుకున్న రోజుల్లో ఇలాగే ఉంటాడని ఆమె చెప్పింది. డాక్టర్ల కాగితాలు చూపించింది. ఆయన చదివి, ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా హాని చేశాడా అని అడిగాడు. అన్న రెండు చేతులూ కుర్చీ కింద బిగించుకున్నాడు.

"దాని మీద మేం ఆధారపడతలేం సార్. మా అప్పీలు పని సంగతే" అంది ఆమె, గొంతు మారకుండా.

ఆయన ఆమెను ఒక క్షణం చూసి, పేజీ తిప్పాడు. తరువాత అన్నవైపు తిరిగి, బోర్డులో డాక్టరు అడిగిన ప్రశ్నే అడిగాడు. ఇప్పుడు పని ఇస్తే చేస్తావా?

అన్న లేచి నిలబడ్డాడు. "చేస్త సార్."

అయిపోయిందనుకున్నాను. ఆమె తొందరపడలేదు. తానొక మాట అడగవచ్చా అని అధికారిని అడిగింది. ఆయన తలూపాడు.

"అన్నా, చేస్తనంటవు, చేరుతవు గూడ. చేరినంక ఏమయితదో సారుకు చెప్తవా? జిరాక్స్ షాపుల ఏమైంది?"

అన్న నిలబడే చెప్పాడు. కళ్లు బల్లమీద ఉన్న గాజు పలక మీద పెట్టుకుని, పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా కాకుండా, ఎవరికో తన ఊరి దారి చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పాడు.

"షాపు మంచిదే సార్. సేటు గూడ మంచోడే. పిలగాండ్లు నోట్సులు తెస్తరు, తీసి ఇయ్యాలె. మిషన్ నడుస్తుంటె దాంట్లకెళ్లి మాటలొస్తయి. మొదాల చిన్నగ వస్తయి. నువ్వు తప్పు తీసినవ్, ఈ పిల్ల ఫేలయితది, నీవల్లనే అయితది అంటయి. మళ్ల తీస్త. మళ్ల గదే మాట. ఒక్క కాయిదాన్ని తీసుడే తీసుడు. లైన్ల ఉన్నోళ్లు నవ్విన్రు. సేటు ఏమనలే. నాకే ఊపిరాడలే. షట్టర్ కిందికి గుంజి లోపలనే కూసున్న. పిల్లలు బయట కొడుతున్నరు. గా తర్వాత పోలే."

"మిగతా పనులు?" అన్నాడు అధికారి.

"అన్నీ గిట్లనే అయినయి సార్." కొంచెం ఆగాడు. "చేస్త అన్నది అబద్ధం కాదు. నాకు చెయ్యాలనే ఉంటది."

పుట్టినప్పటి నుంచి అతని చెల్లెల్ని. ఆ షట్టర్ వెనక అతను ఒక్కడే కూర్చున్నాడని ఆ రోజు, ఒక ఆఫీసులో, ఇంకొకరు అడిగితే నాకు తెలిసింది. అధికారి ప్యూన్‌ని పిలిచి అన్నకు మంచినీళ్లు ఇప్పించాడు. కూర్చోమన్నాడు. ఏదో రాసుకుని, మళ్లీ బోర్డుకు పంపుతానని, ఈసారి మానసిక వైద్యుడు తప్పకుండా ఉండాలని, పాత చరిత్ర అంతా చూసి, ఇంటి మనిషిని కూడా విని తేల్చాలని చెప్పాడు.

బయటికి వచ్చాక అన్న బాగా అలిసిపోయాడు. ఆ వారమంతా మంచం దిగలేదు. నేను సెలవు పెట్టి అతని దగ్గరే ఉన్నాను. వకీలు రోజూ ఫోను చేసి కనుక్కునేది. ఇంత బాధపెట్టి సాధించాలా అని ఒకరోజు ఆమెతో అన్నాను. నాకూ అదే అనిపిస్తుందక్కా అంది. ఇంకేం సమర్థించుకోలేదు.

రెండోసారి బోర్డు ఎండలు ముదిరాక జరిగింది. ఈసారి నన్నూ లోపల కూర్చోబెట్టారు. ఆర్డరు వానలు పడ్డాక వచ్చింది. అప్పీలు ఒప్పుకున్నారు. అన్నకు జీవితాంతం పెన్షన్ మంజూరు చేశారు, అమ్మ పోయిన తరువాతి నెల నుంచి లెక్కగట్టి.

నేను సంతోషంతో అన్నకు ఫోను కూడా చేయకుండా నేరుగా ఇంటికి పోయి ఆర్డరు చేతికిచ్చాను. అతను మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఒక మాట దగ్గర వేలు పెట్టి ఆగిపోయాడు. స్వయంగా సంపాదించుకోలేని స్థితిలో శాశ్వతంగా ఉన్నాడని రాశారు అందులో. మడిచి పక్కన పెట్టాడు. నేను తెచ్చిన స్వీటు ముట్టుకోలేదు. మరునాటి నుంచి క్యాంపస్‌కు పోవడం మానేశాడు. ఎందుకని అడిగితే, ఎవరైనా ఏం చేస్తుంటవ్ అంటే ఏం చెప్పాలె అన్నాడు. ఇన్నేళ్లూ ఆ ప్రశ్నకు అతని దగ్గర ఒక జవాబు ఉండేది, పని చూసుకుంటున్నానని. ఆ కాగితం దాన్ని తీసేసుకుంది.

వకీలుకు చెప్పాను. చర్చి అయ్యాక ఇంటికి వచ్చింది. అన్న ఆ మాట చూపించి, "శాశ్వతంగ అంటే?" అని అడిగాడు.

"మళ్ల మళ్ల బోర్డుకు పిలిచి నిన్ను పరేశాన్ చెయ్యొద్దని రాస్తరన్నా. గంతవరకే."

"గంతేనా?"

"గంతే. రేపు నీకు చేతనైన పని ఒక గంట చేసుకున్నా ఎవరొద్దంటరు? సంపాదన రూలుల రాసిన హద్దు దాటితె నాకు చెప్పు, నేను చూసుకుంట."

అన్న ఆలోచించాడు. "అయినా గా మాట మంచిగ లేదు" అన్నాడు.

"లేదు" అని ఒప్పుకుంది ఆమె.

ఆ ఒప్పుకోవడంతో అతనికి కొంత తేలికైనట్టు కనిపించింది. అప్పుడు లేచి ఆమెకు చాయ్ పెట్టాడు. మళ్లీ నడకకు పోవడానికి ఇంకొన్ని వారాలు పట్టింది.

ఇప్పుడు పెన్షన్ అన్న ఖాతాలోనే పడుతుంది. నెల మొదట్లో తనే బ్యాంకుకు పోయి తెచ్చుకుంటాడు. అద్దె ఓనర్‌కు తన చేత్తో ఇస్తాడు. మందులు ఆగడం లేదు. చెవిలో వినబడే మాటలు పూర్తిగా పోలేదు, పోవని డాక్టరు ముందే చెప్పాడు. బాగాలేని వారాలు వస్తాయి, నేను పోయి ఉంటాను. అప్పుడు ఎవరి దగ్గరా ఏదీ దాచడం లేదు. మా మేనత్త ఫోను చేస్తే అన్నకు ఒంట్లో బాగాలేదని, ఏ జబ్బో కూడా చెబుతున్నాను. ఇన్నేళ్లూ దాచినందుకు ఆమె మొదట నొచ్చుకుంది. తరువాత ఒకరోజు తనే వచ్చి అన్నకు కూర వండిపెట్టి పోయింది.

మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం పేపర్లు దిద్ది దిద్ది తలనొప్పితో రామంతాపూర్ నుంచి నేరుగా అన్న దగ్గరికి పోయాను. తలుపు తీసే ఉంది. పచ్చిపులుసు చేసుకుని, రెండు గుడ్లు ఉడకేసుకున్నాడు. నన్ను చూసి ఇంకో కంచం తీశాడు. ఏమైందని అడగలేదు. ఫ్యాను నా వైపు తిప్పి, కూసో, తినిపో అన్నాడు. తిన్నాను. పులుపు కొంచెం ఎక్కువైంది. ఆ మాటే చెప్పాను. నువ్వెప్పుడూ గట్లనే అంటవ్ అని నవ్వాడు.